పడవలో ఎలక్ట్రానిక్స్ వైరింగ్, డయోడ్ దిశ: తరచుగా అడిగే ప్రశ్నలు

జీపీఎస్, రేడియో, లోతు చూపే సౌండర్, ఆటోపైలట్ విడివిడిగా ఉన్నంతసేపు బాగానే పనిచేస్తాయి. వాటిని ఒకదానితో ఒకటి కలపబోతేనే చిక్కులు మొదలవుతాయి. అందరికీ వచ్చే సందేహాలు దాదాపు అవే, చాలావరకు అవి తేలేదీ ఒక్కచోటే: కరెంటు ఎటు నుంచి ఎటు పోవాలి? అందుకే పరికరాల వైరింగునూ, కరెంటును ఒకే దిశలో పోనిచ్చే చిన్న భాగాలైన డయోడ్ల సంగతినీ ఒకే పేజీలో పెట్టాను. ఏ ప్రశ్న దగ్గరైనా మొదలుపెట్టి చదవవచ్చు. లెక్కలన్నీ 12 వోల్టుల డీసీ సరఫరా ఉన్న చిన్న పడవలకు వేసినవి. 24 వోల్టులైతే అంకెలు మారతాయి, దిశలు మారవు.

## పని మొదలుపెట్టే ముందు

ఎన్‌ఎంఈఏ 0183, ఎన్‌ఎంఈఏ 2000 ఒకటే కదా? రెండింటి తీగలూ కలిపేయవచ్చా?

కలపకూడదు. ఎన్‌ఎంఈఏ అంటే పడవ పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి పెట్టుకున్న ప్రమాణం. పేరు ఒకటే, పద్ధతులు వేరు. 0183 అనేది 1983లో వచ్చిన పాత పద్ధతి. ఒక పరికరం మాట్లాడుతుంది, మిగతావి వింటాయి. సమాచారం అక్షరాలుగా, వాక్యం తర్వాత వాక్యంగా వెళ్తుంది. మామూలు వేగం సెకనుకు 4800 బిట్లు. 2000 అనేది కార్లలోనూ కనిపించే కాన్ బస్ మీద కట్టిన నెట్‌వర్క్. పరికరాలన్నీ ఒకే వెన్నెముక కేబుల్‌కు తగులుకుని సెకనుకు 2,50,000 బిట్ల వేగంతో మాట్లాడతాయి. ఈ కేబుల్‌లోనే 12 వోల్టుల సరఫరా కూడా ఉంటుంది కాబట్టి, తీగలను నేరుగా ముడివేస్తే పని జరగకపోవడం అటుంచి 0183 పరికరం పాడవవచ్చు. మధ్యలో గేట్‌వే అనే మార్పిడి పెట్టె ఉండాల్సిందే.

తీగ రంగు చూసి కలపవచ్చా?

ఎన్‌ఎంఈఏ 2000 కేబుల్‌లో రంగులను నమ్మవచ్చు. ఎరుపు ప్లస్, నలుపు మైనస్, తెలుపు, నీలం సమాచార తీగలు, తొడుగు లేనిది షీల్డు. 0183లో అలాంటి కట్టుబాటు లేదు. ఒక తయారీదారు పసుపును అవుట్‌పుట్‌కు వాడితే మరొకరు ఇన్‌పుట్‌కు వాడతారు. ఒకే సంస్థ రెండు మోడళ్లలోనూ రంగులు మారడం మామూలే. కరెంటు తీగల్లో ఇంకో ప్రమాదం ఉంది. పడవల్లో డీసీ మైనస్‌కు నలుపు వాడే పద్ధతి, పసుపు వాడే పద్ధతి రెండూ ఉన్నాయి. ఏసీ వైరింగ్‌లో నలుపు తీగే లైవ్ అయ్యే పద్ధతి కూడా ఉంది. కాబట్టి మాన్యువల్‌లోని తీగల పట్టికను ప్రింట్ తీసుకుని, ప్రతి తీగ రెండు చివర్లా చీటీ అంటించి గానీ కలపవద్దు.

తీగ ఎంత లావుండాలి?

సన్న తీగతో వచ్చే నష్టం వేడి ఒక్కటే కాదు, దారిలో వోల్టేజి కూడా పడిపోతుంది. రేడియో, దారి చూపే పరికరాలు, నావిగేషన్ దీపాల వంటి ముఖ్యమైన వాటికి 3 శాతానికి మించి, అంటే 12 వోల్టుల మీద 0.36 వోల్టుకు మించి పడనీయకూడదని నియమం.

ఒక ఉదాహరణ చూద్దాం. 25 వాట్ల వీహెచ్ఎఫ్ రేడియో మాట్లాడేటప్పుడు సుమారు 6 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ 5 మీటర్ల దూరంలో ఉంటే తీగ పొడవు 10 మీటర్లు, ఎందుకంటే కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి. ఈ ‘తిరిగి రావడం’ లెక్కలో మర్చిపోయేవారే ఎక్కువ. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మీటరుకు దాదాపు 0.0074 ఓం. పది మీటర్లకు 0.074 ఓం, 6 ఆంపియర్ల దగ్గర పడిపోయేది 0.44 వోల్టు. హద్దు దాటింది. 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే 0.28 వోల్టు దగ్గర ఆగుతుంది. జీపీఎస్ ఒక్కదానికైతే ఇంత లెక్క అక్కర్లేదు, అది లాగేదే తక్కువ.

## కరెంటు ఇచ్చేటప్పుడు

ఫ్యూజు పరికరం దగ్గర పెట్టాలా, బ్యాటరీ దగ్గర పెట్టాలా?

ప్లస్ తీగలో, బ్యాటరీకి వీలైనంత దగ్గరగా. ఫ్యూజు కాపాడేది ముందుగా తీగను. మధ్యలో ఎక్కడ ఒరుసుకుని షార్ట్ అయినా, బ్యాటరీ వైపున్న ఫ్యూజే దాన్ని ఆపగలదు. అందుకని దాని విలువ తీగ మోయగలిగిన కరెంటును మించకూడదు. పరికరంతోపాటు వచ్చిన చిన్న ఫ్యూజు దాని లోపలి భాగాల కోసం. దాన్ని తీసేయకండి. రెండూ ఉండాలి.

ప్లస్, మైనస్ తారుమారుగా ఇచ్చాను. ఫ్యూజు కాలింది. పరికరం పోయినట్టేనా?

ఫ్యూజు కాలిందంటే ఆశ ఉన్నట్టే. చాలా మెరైన్ పరికరాల్లో సరఫరా తీగలు లోపలికి వచ్చే చోట ప్లస్‌కు, మైనస్‌కు అడ్డంగా ఒక డయోడ్ ఉంటుంది. సరైన దిశలో కరెంటు ఇచ్చినంతకాలం అది ఊరికే కూర్చుంటుంది. తారుమారు చేయగానే కరెంటంతా దాని గుండా పోతుంది, ఫ్యూజు కాలుతుంది, లోపలి బోర్డు బతుకుతుంది.

తీగలు సరిచేసి, అదే విలువ గల కొత్త ఫ్యూజు వేసి చూడండి. పరికరం వెలిగితే సంతోషం. దిశ సరిగ్గా ఉన్నా ఫ్యూజు మళ్లీ కాలితే ఆ డయోడ్ తానే షార్ట్ అయిపోయి ఉండవచ్చు. అది మార్చదగిన భాగమే, రిపేరు తెలిసినవారికి చిన్న పని. పెద్ద ఫ్యూజు వేసి ‘ఈసారి నిలుస్తుందేమో’ అని చూడటం మాత్రం బోర్డును కాల్చే దారి.

నేనే ఒక రక్షణ డయోడ్ పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. రెండు పద్ధతులున్నాయి. మొదటిది ప్లస్ తీగలో వరుసగా పెట్టడం: ఆనోడ్ (కరెంటు లోపలికి వచ్చే కాలు) బ్యాటరీ వైపు, గీత ఉన్న కాథోడ్ (బయటికి పోయే కాలు) పరికరం వైపు. తారుమారైతే కరెంటు అసలు పోదు. కాకపోతే మామూలుగా పనిచేసేటప్పుడు కూడా డయోడ్ తన వాటా తినేస్తుంది. సిలికాన్ డయోడ్ అయితే 0.7 వోల్టు, ఇంకా ఎక్కువ కూడా. షాట్కీ రకమైతే 0.3 నుంచి 0.5. అర ఆంపియరు లాగే జీపీఎస్‌కు 1ఎన్5819 వంటి 1 ఆంపియరు షాట్కీ చాలు. ఆరు ఆంపియర్ల రేడియోకు ఈ పద్ధతి నాకు నచ్చదు. అర వోల్టు చొప్పున 3 వాట్ల వేడి ఆ చిన్న భాగంలోనే పుడుతుంది, పైగా మాట్లాడేటప్పుడే రేడియోకు వోల్టేజి తగ్గుతుంది.

అలాంటి చోట రెండో పద్ధతి మేలు. ఫ్యూజు తర్వాత, ప్లస్‌కు, మైనస్‌కు అడ్డంగా, గీత ప్లస్ వైపు ఉండేలా డయోడ్ పెట్టాలి. ఫ్యూజు కాలేదాకా కరెంటును తట్టుకునే లావైన డయోడ్ కావాలి. ఫ్యూజు లేకుండా ఈ పద్ధతి వాడితే కాలేది డయోడో తీగో చెప్పలేం.

ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడల్లా ప్లాటర్ (మ్యాపు మీద పడవ స్థానం చూపే తెర) ఆగి మళ్లీ మొదలవుతోంది. మధ్యలో డయోడ్ పెడితే సరిపోతుందా?

స్టార్టర్ మోటారు లాగే కరెంటుకు బ్యాటరీ వోల్టేజి క్షణకాలం 10 వోల్టుల కిందికి పడవచ్చు. ప్లాటర్ దాన్ని తట్టుకోలేదు. సరైన మందు ఎలక్ట్రానిక్స్‌కు వేరే బ్యాటరీ. రెండు బ్యాటరీలనూ ఇంజిన్‌తో తిరిగే ఒకే ఆల్టర్నేటర్‌తో చార్జి చేయడానికి డయోడ్ ఐసొలేటర్లు దొరుకుతాయి. అవి కరెంటును రెండు బ్యాటరీలకూ పంచుతాయి, ఒకదాని నుంచి మరొకదానికి పోనీయవు. చిక్కల్లా ఆ 0.7 వోల్టుతోనే. ఆల్టర్నేటర్ 14.4 వోల్టులు ఇస్తే బ్యాటరీకి అందేది 13.7. ఆ లెక్కన బ్యాటరీ ఎప్పుడూ పూర్తిగా నిండదు, ఏళ్లు గడవకముందే నీరసిస్తుంది. ఆల్టర్నేటర్‌లో వోల్టేజిని కొలిచే సెన్స్ తీగను డయోడ్ అవతల, బ్యాటరీ దగ్గరే కలిపితే అది ఆ మేరకు వోల్టేజి పెంచుకుంటుంది. ఆ వీలు లేకపోతే డయోడ్ల బదులు ట్రాన్సిస్టర్లు వాడే మాస్‌ఫెట్ ఐసొలేటర్‌గానీ, వోల్టేజిని బట్టి కలిసే రిలే (కరెంటుతో నడిచే స్విచ్) గానీ తీసుకోండి.

## డయోడ్: ఏ వైపు ఏది

డయోడ్ మీద గీత ప్లస్సా, మైనస్సా?

అలా అడిగితే సగంమందికి తప్పు జవాబే దొరుకుతుంది. గీత ఉన్న వైపు కాథోడ్. డయోడ్ ఒకే వైపు తెరుచుకునే తలుపు వంటిది. కరెంటు ఆనోడ్ వైపు నుంచి వచ్చి గీత వైపు బయటికి పోతుంది. నల్లటి 1ఎన్4007 మీద వెండి రంగు గీత, గాజు 1ఎన్4148 మీద నల్ల గీత, రెండూ కాథోడ్‌నే చూపిస్తాయి. సర్క్యూట్ బొమ్మలో త్రికోణం కొన కరెంటు పోయే దిశ, ఆ కొనకు అడ్డంగా ఉన్న గీతే డయోడ్ ఒంటి మీది గీత.

అయోమయం ఎందుకంటే, ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ మీద గీత మైనస్ కాలును చూపిస్తుంది. అలవాటు మీద డయోడ్ గీతను కూడా ‘మైనస్‌కు కలపాలి’ అనుకుంటారు. కాథోడ్ ఎక్కడికి కలపాలనేది డయోడ్ చేసే పనిని బట్టి ఉంటుంది. సరఫరా తీగలో వరుసగా ఉంటే గీత పరికరం వైపు, అడ్డంగా రక్షణకు ఉంటే గీత ప్లస్ వైపు.

ఎల్ఈడీలో పొడవు కాలు ఏది?

ఆనోడ్, అంటే ప్లస్ వైపు. కాళ్లు కత్తిరించి ఉంటే అంచును వేలితో తడమండి. చదునుగా చెక్కినట్టున్న వైపు కాథోడ్. లోపల పెద్దగా కనిపించే ముక్క సాధారణంగా కాథోడే అయినా అన్ని రకాల్లో అలా ఉండదు. 12 వోల్టుల మీద నేరుగా పెట్టి చూడకండి, ఒక్క మెరుపుతో పోతుంది. 1000 ఓంల రెసిస్టర్ వరుసలో ఉంటే 10 నుంచి 12 మిల్లీ ఆంపియర్ల దగ్గర హాయిగా వెలుగుతుంది.

మల్టీమీటర్‌తో డయోడ్ దిశ ఎలా తెలుసుకోవాలి?

మీటర్‌ను డయోడ్ గుర్తు ఉన్న స్థానంలో పెట్టండి. ఎర్ర ప్రోబ్ ఒక కాలికి, నల్లది మరొక కాలికి ఆనించండి. 0.5 నుంచి 0.7 మధ్య అంకె కనిపిస్తే ఎర్ర ప్రోబ్ ఆనోడ్ మీద ఉంది. షాట్కీ అయితే 0.2 ప్రాంతంలో చూపవచ్చు. ప్రోబ్‌లు మార్చితే ‘ఓఎల్’ (కరెంటు పోవడం లేదని అర్థం) రావాలి. రెండు వైపులా సున్నా వస్తే షార్ట్ అయింది, రెండు వైపులా ఓఎల్ వస్తే లోపల తెగింది. బోర్డులో బిగించి ఉన్న డయోడ్‌ను ఇలా కొలిస్తే పక్క భాగాలు అంకెను పాడుచేస్తాయి. ఒక కాలు పైకి లేపి చూడాలి. ముల్లు ఉండే పాత మీటర్లలో ఓం స్థానంలో నల్ల ప్రోబే ప్లస్ అవుతుంది, అది వాడేవారు జాగ్రత్త.

రిలే కాయిల్‌కు డయోడ్ ఎటు పెట్టాలి?

కాయిల్‌కు అడ్డంగా, గీత ప్లస్ వైపు. స్విచ్ ఆపగానే కాయిల్‌లోని అయస్కాంత క్షేత్రం కూలిపోతూ వందల వోల్టుల తిరుగుదెబ్బ పుట్టిస్తుంది. డయోడ్ దానికి తిరిగే దారి చూపి అక్కడే కరిగిస్తుంది. లంగరు మోటారు రిలే, హారన్ రిలే ఉన్న సరఫరా మీదే జీపీఎస్ ఉంటే ఈ చిన్న భాగం విలువ తెలుస్తుంది. తిరగేసి పెడితే స్విచ్ వేయగానే నేరుగా షార్ట్. డయోడ్ సరిగ్గా పెట్టినా రిలే విడుదల కాస్త ఆలస్యమవుతుంది, ఈ పనులకు దానివల్ల ఇబ్బందేమీ లేదు.

జెనర్ డయోడ్‌ను మాత్రం తిరగేసి పెడతారెందుకు?

దాని పనే వెనుక దిశలో నిర్ణీత వోల్టేజి దగ్గర తెరుచుకోవడం. అందుకే గీత ప్లస్ వైపు ఉంటుంది. ఉప్పెనలా వచ్చే వోల్టేజిని అణిచే టీవీఎస్ డయోడ్లలో ఒక దిశ రకం కూడా అంతే. రెండు దిశల టీవీఎస్‌కు గీత ఉండదు, ఎలా పెట్టినా ఒకటే.

## పరికరాలను మాట్లాడించడం

జీపీఎస్ నుంచి వీహెచ్ఎఫ్ రేడియోకు ఏ తీగ ఎక్కడ కలపాలి?

రేడియోలో ఆపద బటన్ నొక్కితే ఛానల్ 70 మీద వెళ్లే డిజిటల్ కబురులో పడవ స్థానం కూడా చేరాలంటే ఈ రెండు తీగలు సరిగ్గా ఉండాలి. అందుకే దీనికి కాస్త ఎక్కువ చోటిస్తున్నాను.

జీపీఎస్ ‘అవుట్ ప్లస్’ రేడియో ‘ఇన్ ప్లస్’కు, ‘అవుట్ మైనస్’ ‘ఇన్ మైనస్’కు. అవుట్‌ను అవుట్‌కు కలపకూడదు. ప్రమాణంలో ప్లస్‌ను ‘ఏ’ తీగ అని, మైనస్‌ను ‘బి’ తీగ అని అంటారు. ఏమీ మాట్లాడనప్పుడు ‘ఏ’ తీగ ‘బి’ కంటే తక్కువ వోల్టేజిలో ఉంటుంది. మాట మొదలైనప్పుడు పైకి లేస్తుంది.

ఇక వినే పరికరం లోపలికి తొంగి చూడండి. 0183 ఇన్‌పుట్ వెనుక ఆప్టో ఐసొలేటర్ అనే చిన్న చిప్ ఉంటుంది. అందులో ఒక ఎల్ఈడీ, దానికి ఎదురుగా వెలుగును చూసే కన్ను. వచ్చిన సంకేతానికి ఎల్ఈడీ వెలిగి ఆరుతుంది, అవతలి కన్ను దాన్ని చదువుతుంది. రెండు పరికరాల మధ్య తీగ కలయిక లేకుండా వెలుగుతోనే సమాచారం దాటుతుంది. ఆ ఎల్ఈడీ కూడా డయోడే. ఏ, బి తారుమారైతే మాట్లాడాల్సినప్పుడు ఆరి, ఊరుకోవాల్సినప్పుడు వెలుగుతుంది, లేదా అసలే వెలగదు. రేడియో తెర మీద స్థానం బదులు గీతలే మిగులుతాయి. ఇలా తారుమారైనందువల్ల సాధారణంగా ఏదీ కాలదు. తీగలు మార్చి కలిపితే చాలు.

ఒకదానిలో ప్లస్, మైనస్ రెండూ ఉన్నాయి, ఇంకోదానిలో ఒక్క సమాచార తీగే ఉంది. ఎలా?

పంపేదానికి ఒక్క తీగే ఉంటే, ఆ తీగను వినేదాని ‘ఇన్ ప్లస్’కు, పంపేదాని గ్రౌండ్‌ను వినేదాని ‘ఇన్ మైనస్’కు కలపండి. వినేదానికి ఒక్క తీగే ఉంటే, పంపేదాని ‘అవుట్ ప్లస్’ను దానికి కలిపి, రెండింటి గ్రౌండ్లనూ కలపండి. మిగిలిన ‘అవుట్ మైనస్’ను చివర టేపు చుట్టి వదిలేయండి. దాన్ని గ్రౌండ్‌కు కట్టడం చాలామంది చేసే పని. అది ఖాళీ తీగ కాదు, ఒక డ్రైవర్ (సంకేతాన్ని తోసే సర్క్యూట్) అవుట్‌పుట్. గ్రౌండ్‌కు కడితే ఆ డ్రైవర్‌ను షార్ట్ చేసినట్టే.

ఒక జీపీఎస్ నుంచి ఎన్ని పరికరాలకు ఇవ్వవచ్చు?

వినేవి ఎన్నైనా సమాంతరంగా కలపవచ్చు, పంపేదానికి శక్తి ఉన్నంతవరకు. ప్రమాణం ప్రకారం వినే ఇన్‌పుట్ 2 వోల్టుల దగ్గర 2 మిల్లీ ఆంపియర్లకు మించి లాగకూడదు. మాన్యువల్‌లో అవుట్‌పుట్ సామర్థ్యం చూసి భాగించుకోండి. మూడు నాలుగింటికి సాధారణంగా సరిపోతుంది.

జీపీఎస్, సౌండర్ రెండింటినీ రెండు డయోడ్లతో కలిపి ప్లాటర్‌లోని ఒకే ఇన్‌పుట్‌కు ఇవ్వవచ్చా?

ఈ ఉపాయం పాతది, కరెంటు లెక్కలో సరైనదే. అవుట్‌పుట్ మైనస్ గ్రౌండే అయిన పరికరాలకు మాత్రమే పనికొస్తుంది. ఒక్కో పరికరం అవుట్ ప్లస్‌కు ఒక్కో డయోడ్ ఆనోడ్, రెండు కాథోడ్లూ కలిసి ప్లాటర్ ఇన్ ప్లస్‌కు, అక్కడి నుంచి గ్రౌండ్‌కు కొన్ని వేల ఓంల రెసిస్టర్. ఎవరు మాట్లాడినా తీగ పైకి లేస్తుంది, ఒకరి వోల్టేజి మరొకరి అవుట్‌పుట్‌లోకి చొరబడదు. డయోడ్లు తిరగేస్తే తీగ పైకి లేవనే లేవదు.

దెబ్బతినేది సమయం లెక్కలో. 82 అక్షరాల నిండు వాక్యం 4800 బిట్ల వేగంతో వెళ్లడానికి 0.17 సెకను పడుతుంది. జీపీఎస్ సెకనుకు అలాంటివి మూడు పంపితే సెకనులో సగం దానికే సరిపోతుంది. సౌండర్ ఆ ఖాళీ కోసం ఎదురుచూడదు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే వాక్యాలు కలగాపులగమై, చివరనుండే చెక్‌సమ్ (వాక్యం సరిగ్గా వచ్చిందో లేదో చూసే అంకె) తప్పుతుంది, ప్లాటర్ వాటిని పారేస్తుంది. లోతు ఒక్కో క్షణం కనిపించి మాయమయ్యే పడవలో నేను మొదట వెతికేది ఈ డయోడ్ల కోసమే. ఒక్కో ఇన్‌పుట్‌ను విడిగా విని, వాక్యాలను వరుసలో పెట్టి పంపే మల్టీప్లెక్సర్ దీనికి సరైన పెట్టె. అంతకంటే ముందు ప్లాటర్‌లో రెండో ఇన్‌పుట్ ఉందేమో చూడండి, చాలావాటిలో ఉంటుంది.

ఏఐఎస్ (చుట్టుపక్కల ఓడల స్థానాన్ని రేడియో ద్వారా అందుకునే పరికరం) తీగలు సరిగ్గానే ఉన్నాయి, ప్లాటర్‌లో ఓడలు కనిపించడం లేదు.

వేగం చూడండి. ఏఐఎస్ సెకనుకు 38,400 బిట్ల వేగంతో పంపుతుంది. ప్లాటర్ ఆ పోర్టు 4800 దగ్గరే ఉంటే చెత్తే వినిపిస్తుంది.

ఎన్‌ఎంఈఏ 2000లో ప్లగ్గులే కదా, తప్పు జరిగే అవకాశం ఉందా?

ధ్రువాలు తారుమారు కావు, తప్పులు మాత్రం వేరేచోట జరుగుతాయి. వెన్నెముక కేబుల్ రెండు చివర్లా 120 ఓంల టెర్మినేటర్ (చివరన పెట్టే రెసిస్టర్) ఉండాలి. కరెంటు ఆపి తెలుపు, నీలం తీగల మధ్య కొలిస్తే 60 ఓంల దగ్గర రావాలి. 120 వస్తే ఒకటి లేదు, 40 వస్తే ఎవరో మూడోది పెట్టారు. పరికరానికి వెళ్లే కొమ్మ తీగ 6 మీటర్లు దాటకూడదు. చిన్న నెట్‌వర్క్‌కు సరఫరా ఒక్కచోటే ఇవ్వాలి.

## పనిచేయనప్పుడు

సంకేతం వస్తోందో లేదో, దిశ సరిగ్గా ఉందో లేదో ఖరీదైన పరికరాలు లేకుండా ఎలా చూడాలి?

ఒక ఎర్ర ఎల్ఈడీ, వరుసలో 1000 ఓంల రెసిస్టర్, ఎల్ఈడీకి అడ్డంగా ఎదురు దిశలో ఒక 1ఎన్4148. ఈ చివరిది ఎల్ఈడీని వెనుక వోల్టేజి నుంచి కాపాడటానికి. ఎల్ఈడీ ఆనోడ్ వైపును అవుట్ ప్లస్‌కు, రెండో వైపును అవుట్ మైనస్‌కు తగిలించి, చేతిని నీడగా పెట్టి చూడండి. మామూలు జీపీఎస్ అయితే సెకనుకోసారి మినుకుమంటుంది. అంటే సంకేతం ఉంది, దిశ సరైనదే. నిలకడగా వెలుగుతూ సెకనుకోసారి కాస్త తడబడితే ప్లస్, మైనస్ తారుమారయ్యాయి. అసలు వెలగకపోతే తీగలు మార్చి మరోసారి చూడండి. అవుట్ మైనస్ గ్రౌండే అయిన పరికరంలో తారుమారైతే చీకటే కనిపిస్తుంది.

యూఎస్‌బీ అడాప్టర్‌లో ఏ నుంచి ఏ, బి నుంచి బి కలిపాను. కంప్యూటర్‌లో పిచ్చి అక్షరాలు వస్తున్నాయి.

చాలామంది చిప్ తయారీదారులు ఏ, బి పేర్లను ప్రమాణానికి తిరగేసి వాడారు. పేర్లను పక్కనపెట్టి రెండు తీగలనూ మార్చండి. వాక్యాలు డాలర్ గుర్తుతో మొదలైతే పని అయింది. అప్పటికీ చెత్తే వస్తే వేగం 4800 దగ్గర ఉందో లేదో చూడండి.

రేడియోలో మాట్లాడగానే ప్లాటర్ ఆగిపోతోంది.

ముందు వోల్టేజి అనుమానించండి. మరొకరిని మాట్లాడమని, ప్లాటర్ వెనుక ప్లగ్గు దగ్గర మీటర్ పెట్టండి. అంకె గట్టిగా పడిపోతే ఇద్దరూ ఒకే సన్న తీగ మీద బతుకుతున్నారు. రేడియోకు ఫ్యూజు పెట్టె నుంచి విడి తీగ వేయండి. అంకె నిలకడగా ఉంటే యాంటెన్నా శక్తి తీగల్లోకి దూరుతోంది. యాంటెన్నా కేబుల్‌ను ప్లాటర్ తీగలకు దూరం జరిపి, ప్లాటర్ తీగల మీద రేడియో అలజడిని అణిచే ఫెర్రైట్ తొడుగులు వేయండి.

దీపం వేయగానే దిక్సూచి ముల్లు జరుగుతోంది.

ప్లస్ తీగ ఒక దారిన, మైనస్ మరో దారిన వెళ్తున్నాయి. రెండింటినీ కలిపి పురి తిప్పండి, వాటి అయస్కాంత ప్రభావాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. స్పీకర్లను దిక్సూచికి దూరంగా పెట్టండి.

తీగ కత్తిరిస్తే లోపల రాగి నల్లగా ఉంది. మెలిపెట్టి టేపు చుడితే నిలవదా?

కొన్ని వారాలు నిలుస్తుంది. ఉప్పుగాలి పోగుల మధ్యకు ఎక్కి రాగిని నల్లబరుస్తుంది, నిరోధం పెరుగుతుంది. చిన్న సంకేతాలకు ఆ మాత్రం చాలు మూగబోవడానికి. మెరిసే రాగి కనిపించేదాకా తీగను వెనక్కి కత్తిరించండి. అంత పొడవు మిగలకపోతే తగరపు పూత ఉన్న కొత్త తీగ వేయండి. సరైన క్రింపింగ్ పనిముట్టుతో నొక్కి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం తొడిగి వేడిచేయండి. అతుకు దగ్గర తీగ కిందికి వంగి మళ్లీ పైకి లేచేలా వదిలితే నీరు ఆ వంపు నుంచి కారిపోతుంది, ప్లగ్గులోకి పోదు.